ఠాణా దస్త్రములు – కంప్యూటరు

నంద్యాల ఠాణాలో నమోదైన నేరమునకును ఆళ్లగడ్డలో నమోదైన నేరమునకును సంబంధమున్నదేమో తెలిసికొనుటకు పూర్వము కాగితములు ప్రయాణము చేయవలసి యుండెను. 2009లో కేంద్రప్రభుత్వము 2000 కోట్ల రూపాయలతో మంజూరు చేసిన సి.సి.టి.ఎన్.ఎస్. పథకము దేశమందలి ఠాణాల ఎఫ్.ఐ.ఆర్.లను, అరెస్టులను, ఛార్జిషీట్లను కంప్యూటర్లద్వారా ఒకదానితో నొకటి కలుపుట కేర్పడినది. ఇది మంచిపనియే.

ఇట్టి సాధనము లేనిచో నేమగునో ఇంగ్లండు అనుభవించినది. 1975 మొదలు 1980 వఱకు యార్కుషైరు, మాంచెస్టరు ప్రాంతములందు 13 మంది స్త్రీలను చంపిన పీటర్ సట్‌క్లిఫ్‌ను పోలీసులు తొమ్మిదిమార్లు ప్రశ్నించి విడిచిరి. అతనిగూర్చిన సమాచారము కార్యాలయమందే యున్నది. కాని లెక్కకు మిక్కిలియైన కార్డులలో చెదరి యుండుటచే ఒక కార్డు మఱియొకదానిని కలిసికొనలేదు. తుదకు 1981 జనవరిలో, కారునకు దొంగ నంబరు పలక యున్నందున, అతడు చిక్కెను! ఆ పరాభవము పిమ్మటనే అచ్చట 'హోమ్స్' అను కంప్యూటరు పద్ధతి పుట్టినది.

మన సీమలో భయము వేఱు. ఇచ్చట కార్డులు చెదరుటకంటె కార్డుపై వ్రాయబడిన పేరే శంకనీయము. హత్య జరిగినప్పుడు చేసినవానితోపాటు ఎదుటి వర్గమువారి పేర్లను గూడ ఫిర్యాదులో నిఱికించు దురభ్యాసమును రాయలసీమ కక్షల నెఱిగినవా రెల్లరు నెఱుగుదురు. యంత్రమునకు మొగమాటము లేదు, నిజమే. రైటరుచేత వ్రాయించు పెద్దమనుష్యునికి కక్ష లేదని చెప్పగలమా? పూర్వము తప్పుడు పేరు ఒక్క ఠాణా బీరువాలో నుండెడిది. ఇప్పుడు దేశమంతట కనబడును. కావున న్యాయస్థానము నిర్దోషియని విడిచినచో ఆ తీర్పును ఆ పేరు ప్రక్కనే నిలుపవలెనని మేము కోరుచున్నాము.

ఫిర్యాది మాట యేమి? 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షను ప్రకారము దర్యాప్తు ఎంతవఱకు వచ్చినదో ఫిర్యాదికిగాని బాధితునికిగాని 90 దినములలోపల తెలుపవలెను. సెల్‌ఫోను సందేశమైనను చాలును. కొడుకును పోగొట్టుకొన్న తల్లి ఠాణా మెట్లపై కూర్చుండి రైటరు దయకై యెదురుచూడ నేల? నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లాకేంద్రమైనది. ఆళ్లగడ్డకు పోలీసు పెద్దలు దగ్గరైరి. ఏయే ఠాణాలో నెందఱు ఫిర్యాదులకు ఈ 90 దినముల వార్త అందినదో మూడు నెలల కొకమారు వారు ప్రకటింతురా?