ఎగుమతి తాళములు

తాళము చేసినవాఁడే తన తాళమునకు యోగ్యతాపత్రము వ్రాసికొనినచో దానిని ఏ న్యాయస్థానమును సాక్ష్యముగా గైకొనదు. అయినను బ్యాంకులును ప్రభుత్వశాఖలును తమ కంప్యూటర్ల రహస్యలిపినిగూర్చి నేఁటికిని ఇట్టి పత్రములనే మన ముందుంచుచున్నవి. “మా నిపుణులు చూచినారు, సందేహింపవలదు” అనుటయే వీరి వాదము. నిపుణులు చూడలేదని మే మనుట లేదు. మనుష్యుల కంటికి కానరానివి యుండుననియే మా వాదము.

1978లో నీధామ్, ష్రోడర్ పండితులు రచించిన ప్రోటోకాలున ముఖ్యమైనవి మూఁడే సందేశములు. దానిని పండితలోకము పదునేడేండ్లు చదివెను, మెచ్చుకొనెను. 1995లో గావిన్ లో అను నాతఁడు అందలి లోపమును చూపెను. మఱుసటి యేఁట సాధ్యమగు సంభాషణల నన్నిటిని యంత్రముచే వెదకించి ఆ లోపమునే పట్టించెను.

ఇంతకంటె చేదైన కథ యొకటి కలదు. 1990 తరువాతి సంవత్సరములలో అమెరికా ప్రభుత్వము పరదేశములకు పంపు సాఫ్ట్‌వేరులో 512 బిట్లకు మించిన ఆర్.ఎస్.ఏ. తాళపుచెవి యుండరాదని కట్టడి చేసెను. తమవారికి గట్టి తాళము, పరులకు గుల్ల తాళము! 2000లో ఆ నిర్బంధము సడలినది. గుల్ల తాళము మాత్రము ప్రోగ్రాముల మూలల నట్లే పడియుండెను. 2015లో ఫ్రాన్సుదేశపు ఇన్‌రియా సంస్థవారును వారితోఁ గూడిన పరిశోధకులును యంత్రముచే ఈ సాఫ్ట్‌వేరులను ప్రశ్నింపఁజేసిరి. టి.ఎల్.ఎస్. సంభాషణలో ఒక మాటను దాఁటవేయుట, ఒకదానిని వేళకాని వేళఁ బంపుట, క్రమమును తలక్రిందు చేయుట, ఇదియే పరీక్ష. అడ్డుప్రశ్నలకు కూటసాక్షి తడఁబడినట్లు పెక్కు సాఫ్ట్‌వేరులు తడఁబడినవి. గట్టి తాళమును కోరిన బ్రౌజరునకు నడుమ దూరినవాఁడు ఎగుమతి తాళము నంటఁగట్టినను అది కాదనక పుచ్చుకొన్నది! అట్టి చెవిని అద్దె కంప్యూటర్లపై సుమారు 100 డాలర్ల వ్యయముతో, కొన్ని గంటలలో ఛేదింపవచ్చునని తేలినది. ఆ గుల్ల తాళమును అప్పటికిని అంగీకరించుచున్న సైట్లలో అమెరికా గూఢచారశాఖయగు ఎన్.ఎస్.ఏ.వారిదియు నొకటి. నవ్వవలెనో ఏడ్వవలెనో చదువరులే నిర్ణయింతురు గాక.

మన యేలికలు దీనినుండి నేర్చిన దేమి? ఒకప్పటి ఇంటర్నెట్ లైసెన్సులు అనుమతి లేనిదే 40 బిట్లకు మించరాదని మనలను కట్టివేసినవి. పై రహస్యము వెల్లడియైన ఆఱు మాసములకే, 2015 సెప్టెంబరులో, పౌరులు తమ రహస్యలేఖల మూలప్రతులను 90 దినములు దాఁచియుంచి అడిగినపుడు చూపవలెనని కేంద్రప్రభుత్వము ముసాయిదా ప్రకటించెను. ప్రజలు గర్జింపఁగా వెంటనే వెనుకకు దీసికొనెను. బుద్ధి వచ్చి కాదు, భయము వచ్చి!

యంత్రపరీక్ష సర్వరోగనివారిణి కాదు. అది లోపము కలదని చూపఁగలదు; కాగితముపై నిర్దోషమైనది ప్రోగ్రాములో చెడవచ్చును. అంతమాత్రమున పరీక్షయే వలదనువారికి 2018లో వెలువడిన టి.ఎల్.ఎస్. 1.3 సమాధానము. అది ముసాయిదాగా నున్నపుడే పలువురు దానిని యంత్రములచే శోధించిరి. ఫలితములు బహిరంగముగా చర్చకు వచ్చినవి.

ప్రజల సొమ్ము నడచు ప్రతి ప్రోటోకాలు విషయమునను మన దేశమున నిదియే జరుగవలెను. 2000 సంవత్సరపు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టము 43వ సెక్షను అనుమతి లేని ప్రవేశమునకు పరిహారము విధించుచున్నది. సదుద్దేశముతో లోపమును చూపినవానికి అందు ప్రత్యేక రక్షణ లేదు. ఆ రక్షణకు ఒక్క ఉపవాక్యము చాలును. దానిని చేర్చుటకు పార్లమెంటు సభ్యు లేల వెనుదీయుచున్నారో ఓటడుగ వచ్చినపుడు వారినే యడుగుఁడు.