ముందు నీడ, తర్వాతే జంట అద్దాలు

పల్నాటి పల్లెల్లో కొత్తగా ఇల్లు కట్టేవారికి అద్దాల కిటికీల మోజు పట్టుకుంది. చెక్క రెక్కలు పోయి, పక్కకు జరిపే అద్దాలు వచ్చాయి. ఇప్పుడు పట్నం దుకాణాలవారు మరో మెట్టు ఎక్కి, డబుల్ గ్లాస్ కిటికీ పెట్టిస్తే ఇంట్లోకి ఎండా రాదు, చెమ్మా రాదు అంటున్నారు. ఈ మాటలో నిజమెంత? అప్పు చేసి ఇల్లు కట్టుకునే రైతు దీనిని నమ్మి డబ్బు పోయవచ్చునా? ఇది ఆలోచించవలసిన విషయం.

ఎండ మనకు చిన్న సమస్య కాదు. వేసవి వస్తే రెంటచింతల పేరు పత్రికలకెక్కుతుంది. 2015 మే నెల వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. మిట్టమధ్యాహ్నం వేళ ముసలివారికీ, పసిపిల్లలకూ ఇల్లే దిక్కు. ఆ ఇల్లే పొయ్యిలా కాలితే వారు ఎక్కడికి పోవాలి?

చలి దేశాల వస్తువు

జంట అద్దాల కిటికీలో రెండు అద్దాల మధ్య సుమారు అర అంగుళం ఖాళీ ఉంటుంది. అందులో పొడి గాలి గాని, ఆర్గాన్ వాయువు గాని నింపి అంచులు మూసివేస్తారు. కదలని గాలి వేడిని త్వరగా దాటనివ్వదు. పూరింటి కప్పు కింద చల్లగా ఉండటానికీ గడ్డి మధ్య చిక్కుకున్న గాలే కారణం.

ఇది చలి దేశాల అవసరం కోసం పుట్టిన వస్తువు. అక్కడ చలికాలంలో బయట మంచు, లోపల వెచ్చదనం. వంట ఆవిరి, మనుషుల ఊపిరి చల్లటి ఒంటి అద్దానికి తగిలి నీటి బొట్లవుతాయి. ఐసు నీళ్ళ గ్లాసుకు బయట బొట్లు పట్టినట్టే ఇదీ. ఆ నీరు కారి చట్రాలు కుళ్ళుతాయి, గోడలకు బూజు పడుతుంది. రెండు అద్దాలుంటే లోపలి అద్దం వెచ్చగానే ఉంటుంది కనుక బొట్లు పట్టడం చాలావరకు తగ్గుతుంది. అక్కడ అది నిజంగా మేలు చేస్తున్నది.

మన ఇళ్ళ చెమ్మ వేరు. అది శ్లాబు పగుళ్ళ నుంచి దిగుతుంది, లేదా నేలలోని తడి పునాది మీదుగా గోడలోకి పాకుతుంది. దానికి కిటికీ అద్దంతో సంబంధం లేదు. శ్లాబు వాలు సరిచేయాలి, పగుళ్ళు పూడ్చాలి, ఇల్లు కట్టేటప్పుడే పునాది మీద చెమ్మ ఎక్కని పొర వేయించాలి.

ఎండ లెక్క

ఇక ఎండ సంగతి. కిటికీ మీద నేరుగా పడే ఎండ వేడి 100 పాళ్ళనుకుంటే, మామూలు ఒంటి అద్దం 80 పాళ్ళకు పైగా లోపలికి వదులుతుంది. మామూలు జంట అద్దం కూడా సుమారు 70 పాళ్ళు వదులుతుంది. ఎండను తిప్పికొట్టే ప్రత్యేక పూత ఉన్న అద్దమైతేనే ఈ లెక్క బాగా తగ్గుతుంది. పరదాలు, తలుపుల రంగు, గోడమీద పటాలు వెలిసిపోవడం కూడా మామూలు జంట అద్దంతో పెద్దగా ఆగదు.

ఎండను అద్దం దాటకముందే ఆపడం తెలివైన పని. అద్దం దాటిన వేడి లోపలి పరదాతో పూర్తిగా వెనక్కు పోదు. పెద్దలు పంచ దింపింది, పడమటి వైపు వేప, కానుగ పెంచింది ఇందుకే. నేడు పడమటి గోడకు పెద్ద అద్దాలు పెట్టి, ఖర్చు తగ్గుతుందని సజ్జ మానేస్తున్నారు. ఇది మన చేతులతో మనం కొనుక్కునే వేడి. సాయంత్రపు ఏటవాలు ఎండకు సజ్జ ఒక్కటీ చాలదు. బయట తడికె గాని, చాప గాని వేలాడదీయాలి.

గాలి సంగతీ చూడాలి. 2018లో కేంద్ర విద్యుచ్ఛక్తి శాఖ వెలువరించిన ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారం ఉక్కపోత ప్రాంతాలలో బయటికి తెరుచుకునే ఖాళీ ఇంటి నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలి. అంటే 600 చదరపు అడుగుల ఇంటికి 100 చదరపు అడుగులు. పక్కకు జరిపే రెండు రెక్కల కిటికీ సగమే తెరుచుకుంటుందని మరువరాదు.

ఒంటి అంతస్తు ఇంటికి అన్నిటికంటే ఎక్కువ ఎండ తగిలేది పైకప్పుకే. తెల్లటి కప్పు ఎండను తిప్పి పంపుతుంది. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ళ మన జిల్లాలోనే ఉంది. వేసవికి ముందు శ్లాబుకు సున్నం కొట్టించడానికయ్యే ఖర్చు జంట అద్దాల ఖర్చు ముందు ఏపాటిది? పొరుగు తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించి, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు దీనిని తప్పనిసరి చేసింది.

జంట అద్దాలు పూర్తిగా దండగ అనడం లేదు. గంటల తరబడి ఏసీ నడిచే గదికి, లారీల మోత వినిపించే రోడ్డు పక్క ఇంటికి అవి పనికివస్తాయి. కొనేవారు ఎండ పూత ఉన్నదో లేదో అడగాలి, గ్యారంటీ కాగితం రాయించుకోవాలి. రెండు అద్దాల నడుమ మసక గాని, బొట్లు గాని కనిపిస్తే మూత చెడినట్టే. అది తుడిస్తే పోదు, అద్దాల జత మార్చవలసిందే.

ప్రభుత్వ పథకాల కింద కట్టే ఇళ్ళకు ప్రతి కిటికీకీ సజ్జ, ప్రతి శ్లాబుకూ తెల్లపూత ఉండేలా గృహనిర్మాణ శాఖ అధికారులు శ్రద్ధ వహించాలి. తాపీమేస్త్రీలు కూడా ఇంటివారికి ఈ మాట ముందే చెప్పాలి. నీడ, గాలి, తెల్లని కప్పు సమకూరాక చేతిలో డబ్బు మిగిలితే అప్పుడు అద్దాల సంగతి చూసుకోవచ్చు.