రేడియో మూగబోతే రెక్కలే మాట

2019 సెప్టెంబరు 23. ఢిల్లీ నుంచి కాబూల్ వెళ్తున్న స్పైస్‌జెట్ విమానం పాకిస్థాన్ గగనతలంలో ఉంది. లోపల 120 మంది దాకా ప్రయాణికులు. ఇంతలో పాక్ వైమానిక దళం ఎఫ్-16లు పక్కకు వచ్చాయి. ఎత్తు తగ్గించమని, విమానం వివరాలు చెప్పమని అడిగాయి. ఇది కాబూల్ వెళ్తున్న ప్రయాణికుల విమానమని పైలట్ చెప్పాక, అఫ్గానిస్థాన్ సరిహద్దు దాకా వెంట వచ్చి వెనుదిరిగాయి. విమానం పిలుపు సంకేతంలోని ‘ఎస్‌జీ’ని అక్కడి కంట్రోలర్లు ‘ఐఏ’గా పొరబడి భారత సైనిక విమానమేమోనని శంకించారన్నది తర్వాత మన అధికారులు చెప్పిన కారణం. బాలాకోట్‌పై భారత వైమానిక దాడి జరిగి అప్పటికి ఏడు నెలలు నిండలేదు. రెండు అక్షరాల దగ్గర పొరపాటు జరిగితే యుద్ధ విమానాలు గాల్లోకి లేచేంత ఉద్రిక్తత అది.

పౌర విమానాన్ని యుద్ధ విమానం అడ్డగించిందనగానే ఎవరో కుట్రదారు చొరబడ్డాడని అనుకుంటాం. అలాంటివి లేకపోలేదు. 1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో ఆయుధాలు జారవిడిచిన ఆంటొనోవ్ విమానాన్ని నాలుగు రోజుల తర్వాత మన మిగ్-21 ముంబయిలో దింపింది. కానీ చాలా సందర్భాల్లో కారణం ఇంతకంటే చప్పగా ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో ముంబయి నుంచి లండన్ వెళ్తున్న జెట్ ఎయిర్‌వేస్ విమానానికి జర్మనీ మీద కొన్ని నిమిషాలు రేడియో సంబంధం తెగింది. 330 మంది ప్రయాణికులున్న ఆ విమానం పక్కకు జర్మనీ యుద్ధ విమానాలు వచ్చి చూశాయి. 2019 మేలో కరాచీ నుంచి వస్తున్న జార్జియా సరకు విమానం ఖరారైన దారి వదిలి ఉత్తర గుజరాత్ వైపు నుంచి లోపలికొచ్చి, పిలిస్తే పలకలేదు. సుఖోయ్-30లు దాన్ని జైపూర్‌లో దింపాయి. ప్రశ్నించాక వదిలిపెట్టారు. శత్రుత్వం కంటే సమాచార లోపమే ఎక్కువసార్లు యుద్ధ విమానాలను పైకి లేపుతోంది.

ఆ లోపం గాల్లో బయటపడ్డప్పుడు ఇద్దరు పైలట్ల మధ్య మిగిలేది ఒక మూగ భాష. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐకావో) దానికి వ్యాకరణం రాసిపెట్టింది. యుద్ధ విమానం సాధారణంగా ఎడమ పక్కన, కాస్త ముందుకు, కాస్త పైకి వచ్చి రెక్కలు ఊపుతుంది. ‘నిన్ను అడ్డగించాను, నా వెంట రా’ అని దానర్థం. పౌర విమానం కూడా రెక్కలు ఊపి వెంట వెళ్లాలి. రన్‌వే మీదుగా చక్రాలు దించి, ల్యాండింగ్ లైట్లు వేసి తిరిగితే ‘ఇక్కడ దిగు’ అని. ఒక్కసారిగా పైకి లేస్తూ 90 డిగ్రీలు లేదా అంతకు మించి పక్కకు మళ్లిపోతే ‘నీ దారిన నువ్వు వెళ్లవచ్చు’ అని. దీంతోపాటే 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర ఫ్రీక్వెన్సీలో పలకాలి, రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌పై అత్యవసర సంఖ్య 7700 పెట్టాలి, గగనతల రాకపోకల నియంత్రణ కేంద్రానికి (ఏటీసీ) చెప్పాలి. రేడియోలో మరెవరో వేరే ఆదేశం ఇచ్చినా, స్పష్టత వచ్చేదాకా పక్కనున్న యుద్ధ విమానం మాటే వినాలి. ఇవన్నీ శిక్షణలో ప్రతి పైలట్ చదివేవే. జీవితంలో ఒక్కసారైనా వాడాల్సిన అవసరం చాలామందికి రాదు. అందుకే అవసరం పడ్డ క్షణాన చప్పున గుర్తుకు రావు.

ఈ భాష ఇంత పకడ్బందీగా మారడం వెనక 269 ప్రాణాలున్నాయి. 1983 సెప్టెంబరు 1న కొరియన్ ఎయిర్ లైన్స్ 007 విమానం ఆటోపైలట్ అమరికలో జరిగిన పొరపాటుతో దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. వెంటాడిన సుఖోయ్-15 ముందుగా హెచ్చరికగా 200కు పైగా గుండ్లు పేల్చింది. అయితే అవి కవచాన్ని ఛేదించే రకం. చీకట్లో వెలుగు గీత గీసే ట్రేసర్లు వాటిలో లేవు. తమ పక్కన ఎవరో ఉన్నారన్న సంగతే కొరియన్ పైలట్లకు తెలియలేదు. ఆ తర్వాత క్షిపణి తగిలింది. మరుసటి ఏడాది మే 10న అంతర్జాతీయ పౌర విమానయానంపై కుదిరిన షికాగో ఒప్పందానికి ‘3 బిస్’ అధికరణాన్ని చేర్చారు. ఎగురుతున్న పౌర విమానంపై ఆయుధం ప్రయోగించరాదని, అడ్డగించినా అందులోని వారి ప్రాణాలకు ముప్పు తేరాదని అది చెబుతుంది. ఈ నియమం అమల్లోకి రావడానికి 1998 దాకా పట్టింది.

మౌనానికి అపాయం కూడా కారణం కావచ్చు. 2023 జూన్ 4న ఒక చిన్న సెస్నా జెట్ పలకకుండా వాషింగ్టన్ మీదుగా వెళ్లింది. దాన్ని అందుకోవడానికి ఎఫ్-16లు ధ్వని వేగాన్ని మించి దూసుకెళ్లడంతో నగరమంతా ఉరుము లాంటి మోత వినబడింది. మంట గోళాలు వదిలినా స్పందన లేదు. దగ్గరికెళ్లి చూస్తే పైలట్ సీట్లో వాలిపోయి ఉన్నాడు. విమానం వర్జీనియా కొండల్లో కూలింది. స్పృహ తప్పిన పైలట్, ఫ్రీక్వెన్సీ మార్చడం మరిచిన పైలట్, దురుద్దేశంతో నోరు మెదపని పైలట్... ముగ్గురూ రాడార్ తెర మీద ఒకేలా కనబడతారు. తేడా తేల్చడానికి ఎవరో ఒకరు పైకి వెళ్లి కళ్లతో చూడాల్సిందే.

ఇక దాటకూడదంటూ ఆకాశంలో గీసే గీతల సంగతి. గగనతలాన్ని నిషిద్ధ, నియంత్రిత, ప్రమాదకర ప్రాంతాలుగా విభజించి చార్టుల మీద పీ, ఆర్, డీ అక్షరాలతో గుర్తిస్తారు. వీటితో పెద్ద పేచీ లేదు. తంటా అంతా రాత్రికి రాత్రి పుట్టే గీతలతోనే. అమెరికాలో అధ్యక్షుడు ఎక్కడికి వెళ్తే అక్కడ సుమారు 30 నాటికల్ మైళ్ల (55 కిలోమీటర్ల) వ్యాసార్ధంలో తాత్కాలిక ఆంక్షల వలయం ఏర్పడుతుంది. ఆయన కదిలితే వలయమూ కదులుతుంది. 2025 జనవరిలో ట్రంప్ మళ్లీ పదవి చేపట్టాక మార్చి మొదటి పక్షానికే ఫ్లోరిడాలోని పామ్ బీచ్ ప్రాంతంలో అలాంటి ఉల్లంఘనలు 20 దాటాయని ఉత్తర అమెరికా గగన రక్షణ దళం నోరాడ్ ప్రకటించింది. పైలట్లు బయలుదేరే ముందు తమకు జారీ అయ్యే హెచ్చరికలైన నోటామ్‌లు చూసుకోవాలని ప్రతిసారీ మొత్తుకుంది. శిక్షణకు ఫ్లోరిడా వెళ్లే తెలుగు విద్యార్థులకు ఇది పాఠంలోని ప్రశ్న కాదు, పొద్దున్నే చూసుకోవాల్సిన పని.

అయితే తప్పంతా చదవని పైలట్ నెత్తినే వేస్తే సగం నిజమే చెప్పినట్టు. నోటామ్‌లలో పొట్టి అక్షరాల కోడ్‌తో, ఆర్పేసిన దీపం నుంచి మూసేసిన ఆకాశం దాకా అన్నీ ఒకే వరసలో వస్తాయి. 2017 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగబోయిన ఎయిర్ కెనడా విమానం, నాలుగు విమానాలు బారులు తీరిన టాక్సీవేను రన్‌వే అనుకుని కిందికి వచ్చి, చివరి క్షణంలో పైకి లేచింది. పక్క రన్‌వే మూసేశారన్న నోటామ్ పైలట్లకిచ్చిన 27 పేజీల పత్రంలో ఎనిమిదో పేజీలో ఉంది. ఆ తీరు చూసి అమెరికా రవాణా భద్రతా బోర్డు అధిపతే నోటామ్‌లను ఎవరూ పట్టించుకోని చెత్తగా అభివర్ణించారు.

మన దగ్గర గీతలు తక్కువేం కాదు. హైదరాబాద్ చుట్టూ దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ, హకీంపేటలో శిక్షణ స్థావరం, శంషాబాద్‌లో ప్రయాణికుల విమానాల రద్దీ. వీటి సందుల్లోనే బేగంపేట, నాదర్‌గుల్‌లలో విద్యార్థి పైలట్లు ఎగరడం నేర్చారు. విశాఖలో పౌర విమానాలు దశాబ్దాలుగా నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే దిగుతూ వచ్చాయి. శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే ప్రతిసారీ బంగాళాఖాతం మీద కొన్ని గంటలు ఆకాశం మూతపడుతుంది. 2025 మేలో పాకిస్థాన్‌తో ఘర్షణ వేళ ఉత్తర, పశ్చిమ భారతంలో 32 విమానాశ్రయాలను నోటామ్‌లతోనే మూసి, కొద్దిరోజుల్లో తెరిచారు. మన పైలట్ బయలుదేరే ముందు వైమానిక రక్షణ అనుమతి సంఖ్య ఏడీసీని తీసుకునే పద్ధతి ఉండటంతో, ఎవరు ఎగురుతున్నారో సైన్యానికి ముందే తెలుస్తుంది. ఇది మన వ్యవస్థలోని బలం. డ్రోన్లు వచ్చాక ఆ బలం చాలడం లేదు. 2021 నిబంధనల ప్రకారం డ్రోన్ ఎగరేసేవారు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలు చూసుకోవాలి. పెళ్లి వీడియో తీసే కుర్రాడికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

తిరుమల మీద విమానాలు ఎగరకుండా నిషేధించాలని టీటీడీ ఎంతోకాలంగా కోరుతోంది. 2025 మార్చిలో టీటీడీ ఛైర్మన్ మరోసారి కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడికి లేఖ రాశారు. భక్తుల మనోభావం అర్థం చేసుకోదగ్గదే. కానీ గీసే ప్రతి గీతా ఒక దారిని మళ్లిస్తుంది, ఒక పైలట్ గుర్తుపెట్టుకోవాల్సిన చిట్టాను పెంచుతుంది. గీయడానికి ఒక ఉత్తర్వు చాలు. దాన్ని అందరి చెవినా వేయడానికి వ్యవస్థ కావాలి.

ఆ వ్యవస్థకు కావాల్సినవి అసాధ్యమైనవేం కాదు. ఆంక్షను కోడ్‌లో కాక పటం మీద చూపాలి. ప్రాణాలతో ముడిపడ్డ హెచ్చరికను మొదటి పేజీలో పెట్టాలి. శిక్షణ సంస్థలు రెక్కల భాషను పరీక్షకు ముందొకసారి బట్టీ పట్టించి వదిలేయకుండా ఏటా సిమ్యులేటర్‌లో చేయించాలి. పైలట్లు రెండో రేడియోను 121.5 మీద ఉంచే అలవాటు తప్పకూడదు.

1983 నాటి ఆ రాత్రి హెచ్చరిక ఇచ్చామని సోవియట్లు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, గుండ్లు పేలాయి. వాటికి వెలుగే లేదు. 27 పేజీల్లో ఎనిమిదో పేజీన దాగిన నోటామ్ కూడా అలా వెలుగు లేని గుండే.