హంతకుడెవరో ఊరికి తెలుసు

డిటెక్టివ్ నవలకు పొగమంచూ చీకటి సందులూ ఉండితీరాలని ఎవరు చెప్పారో గానీ, అమెరికా రచయిత టోనీ హిల్లర్‌మన్ ఆ మాట వినలేదు. 1970 నుంచి ఆయన రాసిన లీఫోర్న్ నవలలకు నవాహో తెగవాళ్ల ఎండ నేలే ఆధారం. పోలీసు లీఫోర్న్ ఎవరింటికి వెళ్లినా తలుపు తట్టడు. బండి దూరంగా ఆపి, ఇంటివాళ్లు బయటికి వచ్చేదాకా అందులోనే కూర్చుంటాడు. అక్కడి మర్యాద అది. చనిపోయినవాళ్ల పేరెత్తరు, చావు జరిగిన ఇంట్లో ఉండరు. చిక్కుముడి విప్పేది సగం ఈ తెలివిడే. నవాహోలు 1987లో ఆయన్ను తమ ఆత్మీయ మిత్రుడిగా గౌరవించారు.

రాయలసీమలో, మా బత్తలపల్లెలో కూర్చుని చదివితే ఆ ఎండ కొత్తగా అనిపించదు. మనది ఎడారి కాదులెండి, బొమ్మనహాళ్ దిక్కున దర్గాహొన్నూరు ఇసుక దిబ్బల్ని మినహాయిస్తే. 2022లో మా బత్తలపల్లె మండలం శ్రీసత్యసాయి జిల్లాకు మారింది. వాన మాత్రం మారలేదు, ఏడాదికి సగటున ఆ 550 మిల్లీమీటర్లే. అయినా మన డిటెక్టివులు ఇటు రాలేదు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ కాపురం మద్రాసులో. మధుబాబు షాడోకు దేశాలే చాలలేదు. ధర్మవరంలో రైలు దిగి, శెనక్కాయ చేలో అడుగుజాడలు వెతికిన పరిశోధకుడెవరూ గుర్తుకు రారు.

వస్తే చూడవలసింది ఎంతుందని! వాన పడిన మర్నాటికి ఎర్రమట్టిలో చెప్పు గుర్తు ఎండి ఇటుకలా గట్టిపడుతుంది. గొర్లమంద ఆ దారిన పోయిందా, అదీ మాసిపోతుంది. కాబట్టి ముందు కాపరిని పట్టుకోవాలి, ఆ పొద్దు జీవాలను ఎటు తోలినాడో అడగాలి. చేలో దాక్కోవడమా? మోకాలెత్తు రాని శెనక్కాయ చెట్టు ఎవర్ని దాస్తుంది? ఇక రచయిత వానకు వేసిన కాయను జూన్‌లోనే పెరికించాడంటే ఇక్కడి పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. తెలిసిన నేల మీది కథలో ఉన్న సుఖమే అది. హంతకుడికన్నా ముందు రచయితను అనుమానించవచ్చు.

అయితే అసలు ఇబ్బంది వేరే ఉంది. సీమ పల్లెలో హత్య జరిగితే, చేసిందెవరన్నది చాలాసార్లు రహస్యం కాదు. తెల్లారేసరికి రచ్చకట్టకు తెలిసిపోతుంది. తేలనిదల్లా, సాక్ష్యం చెప్పేదెవరన్నదే. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి వంటి ఇక్కడి కథకులు కరువును రాశారు, కరువులో మనుషులు నలిగిపోవడాన్నీ రాశారు. వాళ్లకు డిటెక్టివుతో పని పడలేదు. సినిమావాళ్లు కొడవళ్లూ సుమోలూ పట్టుకుపోయారు, ఊరి మౌనాన్ని ఇక్కడే వదిలేశారు.

కాబట్టి మన పరిశోధకుడు భూతద్దం తెచ్చుకోనక్కర్లేదు. ఈ మండలంలోనే పుట్టిన హెడ్ కానిస్టేబులైతే చాలు. ఎవరికి ఎవరేమవుతారో, ఎవరి బోరు కింద ఎవరి అప్పుందో తెలిసుండాలి. పోయినవాడి ఊసే ఎత్తకుండా, "ఈతూరి విత్తనం పడిందా మామా?" అని మొదలుపెట్టి, అవతలివాడికి విసుగు పుట్టి నోరు జారేదాకా అరుగు మీద కూర్చోగలగాలి. అట్లాంటి నవల ఎవరైనా మొదలుపెట్టి ఉంటే కాస్త తొందరగా ముగించమని మనవి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఇక్కడ చాలా పొడవు.