వైద్యుని పుట: ఏ ఊళ్ళో సైకిలు క్షేమం?

ఈ నెల రక్తపోటు గురించి రాస్తామని మాట యిచ్చాము. దాన్ని వచ్చే సంచికకు వాయిదా వేస్తున్నందుకు పాఠకులు మన్నించాలి. కారణం మా ఇంట్లోనే వున్నది.

మా పదకొండేళ్ళవాడు సెప్టెంబరులో పెద్ద స్కూలుకి వెళ్ళాలి. సైకిలు మీద వెళతానని పట్టుబట్టాడు. వాళ్ళమ్మ ససేమిరా అన్నది. కాకినాడ నుంచి మా అమ్మ ఫోనులో, "డాక్టరు కొడుక్కి సైకిలు ఖర్మేమిట్రా, కారు లేదూ?" అన్నది. క్యాజువాల్టీలో పనిచేసిన రోజుల్లో పగిలిన తలలు చూసినవాళ్ళం గనుక మాకూ భయమే. అయితే భయం వేరు, లెక్క వేరు. లెక్క చూద్దామని కూర్చున్నాము.

2022లో హాలెండులో రోడ్డు ప్రమాదాల్లో పోయిన సైకిలువాళ్ళు 291 మంది. అదే ఏడు బ్రిటనులో 91 మంది. జనాభా చూస్తే బ్రిటను మూడు రెట్లకు పైనే. మరి బ్రిటనే క్షేమమా? తొందరపడకూడదు. ఎవరూ దిగని చెరువులో ఎవరూ మునగరు. హాలెండులో ప్రయాణాల్లో నాలుగోవంతుకు పైగా సైకిలు మీదే జరుగుతాయి. ఇక్కడ నూటికి రెండో మూడో. పైగా ఆ 291 మందిలో ఎక్కువమంది 60 దాటినవారు. అక్కడ తాతగార్లూ మామ్మగార్లూ కూడా సైకిలు మీదే బజారుకు వెళతారు. ఇక్కడ ఆ వయసువారు తొక్కడం అరుదు. కనుక ఎంతమంది పోయారన్నది ఒక్కటే చాలదు, ఎవరు తొక్కారు, ఎంత దూరం తొక్కారు అని కూడా అడగాలి.

హాలెండు మొదటినుంచీ ఇలా లేదు. 1971లో అక్కడి రోడ్ల మీద 3 వేల మందికి పైగా చనిపోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు "పిల్లల హత్య ఆపండి" అంటూ వీధుల్లోకి వచ్చారు. ఆ తరువాతి ఏళ్ళలో సైకిళ్ళకు వేరే బాటలు వేశారు, ఇళ్ళ మధ్య వీధుల్లో కార్ల వేగం తగ్గించారు.

మన లండనులో 2010లో "సూపర్‌హైవేలు" అని చాలాచోట్ల నీలం రంగు పూశారు. రంగు లారీని ఆపదు గదా! 2016లో థేమ్సు ఒడ్డున గట్టు కట్టి సైకిలు బాటను వేరుచేశారు. అక్కడ మేము పిల్లవాణ్ణి ముందు పెట్టుకుని తొక్కాము, గుండె దడ లేదు. హైదరాబాదులో 2023లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల బాట వేశారు. వ్యాయామానికి భేషుగ్గా వుంటుంది. కాని ఊరి నడుమ పిల్లవాడు ఇంటినుంచి బడికి వెళ్ళే దారి అది కాదు.

హెల్మెట్టు సంగతి అడుగుతారు. తప్పక పెట్టండి. పడినప్పుడు తలను కాస్తుంది. అయితే గుద్దే కారును ఆపలేదు. కారు 20 మైళ్ళ వేగంతో కాక 30 మైళ్ళతో వస్తే దానిలోని శక్తి రెండుంపావు రెట్లవుతుంది. అందుచేత హెల్మెట్టు కన్నా ముందు చూడవలసింది దారిని.

కిందటి ఆదివారం ముగ్గురం స్కూలుదాకా తొక్కి చూశాము. రెండు మైళ్ళు. ఒక్క రౌండెబౌటు తప్ప అంతా ఇరవై మైళ్ళ వీధులే. అక్కడ దిగి సైకిలు నడిపించుకుని దాటాలని ఒప్పందం. మొదటి నెల మాలో ఒకరం వెంట వెళతాము. ఆ కూడలి గురించి కౌన్సిలుకు ఉత్తరం రాశాము. వాళ్ళమ్మ పూర్తిగా ఒప్పుకున్నదని చెప్పలేము గాని, గంట తనే కొని బిగించింది.

పాఠకులకు ఒక మనవి. ఆదివారం తెలుగు బడికి ఆలస్యమైందని మనమంతా కార్లు తోలే తీరు మనకు తెలుసు. ఆ వీధిలోనూ ఎవరి పిల్లవాడో సైకిలు మీద వుంటాడు.

వచ్చే నెల రక్తపోటు, తప్పకుండా.