‘డైరెక్ట్ ఇచ్చేయ్ తమ్ముడూ!’

మొన్న బాపట్ల నుంచి ఫోన్. సూర్యలంక బీచ్ వైపు చిన్న గెస్ట్‌హౌస్ నడిపే అన్న.

‘‘తమ్ముడూ, హాట్ టబ్ హీటర్ ఊరికే ట్రిప్ అవుతోంది. రేపు పిల్లలతో ఫ్యామిలీ దిగుతోంది. ఆ హై లిమిట్ సెన్సర్ తీసేసి డైరెక్ట్ ఇచ్చేయ్!’’

నేను తెనాలిలో గీజర్లు రిపేరు చేస్తుంటా. ‘డైరెక్ట్’ అన్న మాట వింటే నాకు రేపల్లె గుర్తొస్తుంది. అక్కడ మా పిన్ని వాళ్ల గీజర్‌కి ఎవరో థర్మోస్టాట్ పీకేసి డైరెక్ట్ ఇచ్చి వెళ్లారు. బాబాయి భుజం మీద కాలిన మచ్చ ఇంకా పోలేదు. అందుకే మీటరూ థర్మామీటరూ సంచిలో వేసుకుని రైలెక్కేశా.

హాట్ టబ్‌లో మామూలుగా రెండు సెన్సర్లుంటాయి. ఒకటి నీళ్ల వేడి ఎంతో బోర్డుకి చెబుతుంది. రెండోది, అంటే హై లిమిట్, కాపలాదారు. వేడి హద్దు దాటితే హీటర్‌ని ఆపించేస్తుంది. టబ్‌లో నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదు. పిల్లలకైతే ఇంకా తక్కువే ఉండాలి.

ఆ టబ్‌లో రెండూ 10 కిలో ఓమ్‌ల ఎన్‌టీసీ సెన్సర్లే. 25 డిగ్రీల దగ్గర 10 చూపిస్తాయి, వేడి పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. మెయిన్ ఆపి, రెండు ప్లగ్గులూ బోర్డు నుంచి ఊడదీశా. గ్లాసులో 40 డిగ్రీల నీళ్లు పోసి రెండు సెన్సర్లూ ముంచా. హై లిమిట్ 5.3 చూపించింది. కరెక్టే! మొదటిది 6.8 దగ్గర ఆగింది. అంటే బోర్డు లెక్కలో ఆ నీళ్లు 34 డిగ్రీలే!

ప్లగ్ విప్పి చూస్తే పిన్నుకి పచ్చగా చిలుము. సముద్రపు ఉప్పుగాలి పని. ఆ చిలుము వల్ల రెసిస్టెన్స్ పెరిగింది. నీళ్లింకా చల్లగానే ఉన్నాయనుకుని బోర్డు హీటర్‌ని ఆపడం లేదు. ప్రతిసారీ కాపలాదారే అడ్డుపడుతోంది.

కొత్త పిన్ను వేసి మళ్లీ ముంచితే 5.3 వచ్చింది.

‘‘అయితే రెండోది బాగానే ఉందా?’’ అన్నాడు అన్న.

‘‘నిజం చెప్పింది అదొక్కటే అన్నా. నువ్వు పీకేయమన్నదీ దాన్నే.’’

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత టీ తెప్పించాడు.

మీ ఇంట్లో గీజర్ అయినా ఇంతే. పదే పదే ట్రిప్ అవుతుంటే రీసెట్ నొక్కుతూ కూర్చోకండి. మెయిన్ ఆపేసి మెకానిక్‌ని పిలవండి. అతను ‘డైరెక్ట్ ఇచ్చేస్తా’ అంటే మాత్రం టీ ఇచ్చి పంపేయండి.