బీడీ చుట్టిన చేతికి పింఛను కాగితం ఎందుకందదు?

ఊళ్ళలో అన్నిటినీ కలిపి 'పింఛిని' అనే అంటారు. వృద్ధాప్య పింఛనూ అదే, వితంతు పింఛనూ అదే, బీడీ కార్మికురాలికి పి.ఎఫ్. ఖాతా మీద రావలసినదీ అదే. ఇలా అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల నష్టపోయేది స్త్రీలే. మొదటి రెండూ ప్రభుత్వం తన బడ్జెట్‌లోంచి ఇచ్చేవి. (అవీ హక్కులే. ఆ వాదన మరోసారి చేద్దాం.) మూడోది ఆమె చుట్టిన బీడీల లెక్క మీద ఆమె పేరిట జమ అయిన సొమ్ము. ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరు 16న అమల్లోకి వచ్చింది. యజమాని వాటాలోంచి జీతంలో 8.33 శాతం, కేంద్ర ప్రభుత్వం తరఫున 1.16 శాతం ఆ నిధికి చేరాలి. ఇది ఆమెకి ఇవ్వకుండా ఆపి ఉంచిన కూలి. తన కూలి తాను అడగబోయిన మనిషిని ముందు నువ్వెవరో రుజువు చేసుకోమనడం ఏ న్యాయమో నాకర్థం కాదు.

నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే స్త్రీలతో కూచుని ఫారాలు నింపడం, వాళ్ళతో పాటు ఆఫీసు మెట్లెక్కడం కొన్నేళ్ళుగా నా పని. ఆ పనిలో చూసిన దాని గురించే ఈ నాలుగు మాటలు.

ఈ హక్కు ఎవరో పిలిచి ఇచ్చింది కాదని ముందుగా గుర్తు చేసుకోవాలి. బీడీ కార్మికుల కోసం 1966లో చట్టం వచ్చింది. ఇళ్ళలో కూచుని చుట్టే ఆడవాళ్ళు మా పనివాళ్ళే కాదంటూ యజమానులు కోర్టుకెక్కారు. 1974లో మంగళూరు గణేష్ బీడీ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1977లో ప్రావిడెంట్ ఫండ్ బీడీ పరిశ్రమకి వర్తించింది. మళ్ళీ అదే పాట: ఇంట్లో చుట్టేవాళ్ళకి మాకూ సంబంధం లేదన్నారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు, ఇంట్లో చుట్టినా ఆమె ఉద్యోగే, పి.ఎఫ్. కట్టాల్సిందే అని చెప్పింది. ఆకు కత్తిరించేది, తంబాకు నింపేది, దారం చుట్టేది ఆమె. మంచి చెడ్డ చూసి తీసుకునేదీ, నచ్చనిది పక్కన పడేసేదీ వాళ్ళు. ఇక ఉద్యోగి కాకపోవడమేమిటి? 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక 1966 చట్టం పాత పేరుతో లేదు. ఆ తీర్పుల వెనక ఉన్న న్యాయం మాత్రం మనం వదులుకోవలసింది కాదు.

కోర్టులో గెలిచిన హక్కు ఫారం దగ్గర ఓడిపోతోంది. పింఛను కోసం పెట్టే దరఖాస్తు పేరు 10-డి. దాన్ని పది నిమిషాలు శ్రద్ధగా చదివితే, దాన్ని తయారుచేసినవాళ్ళ మనసులో ఉన్న మనిషి కనిపిస్తాడు. చిన్నప్పుడు బడికి వెళ్ళాడు, కాబట్టి పుట్టిన తేదీ ఉంది. ఒకే కంపెనీలో చేరి అక్కడే రిటైరయ్యాడు, కాబట్టి సర్వీసు తెగలేదు. పుట్టినప్పటి పేరుతోనే ముసలివాడయ్యాడు. పక్కన భార్య ఉంది, ఫోటోకి నిలబడుతుంది. ఆ మనిషి మగవాడని ఫారంలో ఎక్కడా రాసి ఉండదు. రాయనక్కర్లేదు.

మన బీడీ కార్మికురాలి జీవితం చూడండి. పన్నెండో పదమూడో ఏట తల్లి పక్కన చాట పట్టుకుని కూచుంటుంది. కొన్నేళ్ళకి తన పేరిట కార్డు వస్తుంది, పి.ఎఫ్. మొదలవుతుంది. ఆ తరవాత పెళ్ళి. అత్తగారి ఊళ్ళో వేరే కంపెనీ కార్ఖానా, వేరే టేకేదారు, కొత్త కార్డు, కొత్త నంబరు. పుట్టింటి ఊళ్ళో చుట్టిన ఏళ్ళు ఏమయ్యాయి? చాలా ఇళ్ళలో పెళ్ళి ఖర్చుకని పి.ఎఫ్. డబ్బు తీసేస్తారు. సర్వీసు పదేళ్ళు నిండకపోతే 10-సి ఫారంతో పింఛను వాటా కూడా తీసుకోవచ్చు కనుక దాన్నీ తీసేస్తారు. చేతికి వచ్చేది కొద్ది వేలు. పోయేది సర్వీసు. ఆ పిల్ల సంతకం పెట్టేటప్పుడు దానివల్ల ఏం పోతుందో ఆమెకి చెప్పేవాళ్ళుండరు. కట్నం కింద నగా నట్రా పోవడం మనం లెక్కపెడుతున్నాం. కట్నం కింద పోయిన సర్వీసు ఏళ్ళని కూడా లెక్కపెట్టాలి.

నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ళ సర్వీసుండాలి. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు కాబట్టి తొమ్మిదిన్నర ఏళ్ళున్నా చాలు. ఈ ఒక్క సంగతి తెలియక, తొమ్మిదేళ్ళ ఏడు నెలల సర్వీసున్న ఒకావిడ తనకి రాదనుకుని ఇంట్లో కూచుంది. అదే 10-సి ఫారంతో డబ్బు తీసుకునే బదులు స్కీము సర్టిఫికెట్ అడిగి పుచ్చుకోవచ్చు. పుట్టింటి ఊళ్ళో చేసిన ఏళ్ళనీ అత్తగారి ఊళ్ళో చేసిన ఏళ్ళనీ కలిపేది ఆ కాగితమే. పెళ్ళికి ముందే ఆడపిల్లలకి దీని గురించి చెప్పాలని నేను పోయిన ప్రతి ఊళ్ళోనూ అంటున్నాను.

తరవాతి చిక్కు పేరు. కార్డు మీద పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు. ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, భర్త పేరు. మున్షీ రాసిన 'లచ్చవ్వ' ఒకచోట, 'లక్ష్మి' ఇంకోచోట. ఇద్దరూ ఒకరే అని తేల్చడానికి జాయింట్ డిక్లరేషన్ కావాలి, దాని మీద యజమాని కూడా సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం టేకేదారు ఇంటి ముందు గంటలకొద్దీ నిలబడ్డ వాళ్ళని చూశాను. కార్ఖానా మూతపడితే దారే లేదని చాలామంది చెబుతారు, అది తప్పు. అలాంటప్పుడు గెజిటెడ్ అధికారి వంటివారి ధ్రువీకరణతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్ళయితే మగవాడి పేరులో అక్షరం మారదు. ఆడదాని పేరు మారాలని ఆచారం పెట్టింది సమాజం, మారినందుకు రుజువులు తెమ్మని అడిగేది ఆఫీసు.

ఇక వయసు. కార్డు రాసిన రోజున మున్షీ మనిషిని ఎగాదిగా చూసి ఒక సంఖ్య వేశాడు. ఆధార్ తీసినప్పుడు ఇంకొకరు ఇంకో సంఖ్య వేశారు. రెండింటికీ ఆరేడేళ్ళ తేడా ఉండడం మామూలే. కొన్నేళ్ళపాటు ఆధార్‌లో ఉన్న తేదీతో సర్దుకునేవాళ్ళం. 2024 జనవరిలో పుట్టిన తేదీకి రుజువుల జాబితాలోంచి ఆధార్‌ని తీసేశారు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదన్న మాట సరైనదే కావచ్చు. కాని ఆధార్ లేనిదే ఫారం ముందుకు కదలదు, ఆధార్‌లో ఉన్న తేదీ చెల్లదు. ఈ రెండింటి మధ్య బడి మొహం చూడని స్త్రీ ఎక్కడ నిలబడాలి? ఆమెకున్న దారి సివిల్ సర్జన్ పరీక్షించి ఇచ్చే వయసు ధ్రువపత్రం, దానికి తోడు కోర్టు ప్రమాణపత్రం. రెండింటికీ జిల్లా కేంద్రానికి రాకపోకలు, పోయిన రోజుల కూలి. "యాభై ఎనిమిది నిండినయని నా మోకాళ్ళకి తెలుసు బిడ్డా, కాయితానికే తెల్వలేదు" అని ఒక అవ్వ అంది. ఆఫీసులో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అత్తా కోడలూ కలిసి చుడతారు, కార్డు మాత్రం అత్త పేరిటే ఉంటుంది. ఇద్దరి శ్రమా ఒకే ఖాతాలో పడుతుంది. కోడలు పాతికేళ్ళు చుట్టినా ఆమె పేరు ఏ కాగితంలోనూ ఉండదు. దీనికి ఏ ఫారమూ మందు కాదు. ఎవరి కార్డు వాళ్ళకిమ్మని కార్ఖానా దగ్గర అడగవలసిందే. కార్డుల సంఖ్య పెరిగితే పి.ఎఫ్. కట్టాలి కనుక కంపెనీలు ఇవ్వవు. సంఘాలు కూడా కూలి రేటు అడిగినంత గట్టిగా కార్డు అడగడం లేదు.

ఇన్నీ దాటాక వచ్చేదెంత? లెక్క ఇది: పింఛనుకి లెక్కలోకి తీసుకునే నెల జీతాన్ని సర్వీసు ఏళ్ళతో హెచ్చవేసి 70తో భాగించాలి. నెలకి 5000, సర్వీసు 14 ఏళ్ళు అనుకుంటే సరిగ్గా 1000 రూపాయలు. కనీస పింఛను 2014 సెప్టెంబరులో వెయ్యి అయింది. ఆ తరవాత పదేళ్ళు దాటినా అది కదలలేదు. ఈలోగా నూనె, పప్పు, మందుల ధరలు ఎక్కడికి పోయాయో చెప్పనక్కర్లేదు. తునికాకు రాలేదనీ, తంబాకు రాలేదనీ కార్ఖానా నెలకి పదీ పదిహేను రోజులే పనిచ్చిన కాలం ఆమె సర్వీసుకీ జీతానికీ రెండింటికీ కోతే. పని ఇవ్వనిది యజమాని, తగ్గేది ఆమె పింఛను. యాభై దాటాక 58 కంటే ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత. నడుములు విరిగి, దగ్గుతో చుట్టలేక ముందే తీసుకునేవాళ్ళే ఎక్కువ.

వచ్చిన పింఛను నిలబెట్టుకోవడానికి ఏడాదికోసారి బతికే ఉన్నామని చెప్పాలి. వేలిముద్ర యంత్రం మీద పెట్టమంటారు. నలభై ఏళ్ళు ఆకు మీదా దారం మీదా అరిగిన వేళ్ళు అవి. యంత్రం 'సరిపోలలేదు' అంటుంది. ఏ పని చేసినందుకు పింఛనో ఆ పనే ముద్రలు చెరిపేసింది. 2022 జూలై నుంచి ఈ పింఛనుదారులకి ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వీలుంది, సెల్‌ఫోనుంటే చాలు. నవంబరులోనే ఇవ్వాలన్న నియమం కూడా వీళ్ళకి లేదు. ఏ నెలలో ఇచ్చినా అప్పట్నుంచి ఏడాది చెల్లుతుంది. ఈ సంగతి తెలియక నవంబరు నెలంతా మీసేవా కేంద్రాల ముందు వరసల్లో నిలబడే ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. తెలియజెప్పే పని ఎవరిది?

ఇక్కడ మన మిత్రులతో నాకు పేచీ ఉంది. ఫారాలు నింపడం సేవా కార్యక్రమం, పోరాటం వేరు అని కొందరంటారు. స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఫారాలు నింపుతారు, సంఘాల వాళ్ళు ధర్నా చేస్తారు అని పనులు పంచేసుకున్నట్టుంది. కనీస పింఛను పెంచాలని నేనూ ధర్నాలో కూచున్నాను, మళ్ళీ కూచుంటాను. కాని పెంచిన పింఛను ఎవరికందుతుంది? కాగితం సరిగా ఉన్నవాళ్ళకి. కాగితం సరిగా లేనివాళ్ళలో ఎక్కువమంది ఎవరో ఇంతసేపూ చెప్పాను. నూరు మంది ఫారాలు ఒకేసారి ఒకే కారణంతో తిరిగొస్తే అది నూరు మంది పొరపాటు కాదు, నియమంలో ఉన్న తప్పు. ఆ నూరు కాగితాలూ పట్టుకుని వెళ్తేనే ధర్నాలో మన మాటకి బలం. పైగా యాభై ఎనిమిదో ఏట మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ముప్పయ్యో ఏటే కార్డూ ఆధారూ పక్కపక్కన పెట్టి చూడాలి. పెళ్ళయి ఊరు మారిన ప్రతి పిల్లా స్కీము సర్టిఫికెట్ తీసుకుందా అని అడగాలి. భర్త పి.ఎఫ్. ఉన్న పనిలో ఉండి చనిపోతే, అతని పేరిట ఒక్క నెల వాటా కట్టి ఉన్నా భార్యకి పింఛను వస్తుందని చెప్పాలి. దానికి పదేళ్ళ నియమం లేదు. ఆ వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాత్రం అది ఆగిపోతుంది. ఈ చివరి నియమం మీద మనం మాట్లాడనేలేదు.

మాట్లాడవలసిన ఇంకొకటి. దరఖాస్తుతో పాటు భర్తతో కలిసి దిగిన ఫోటో అడుగుతారు. ఒకావిడ ఇద్దరు చంటిపిల్లలున్నప్పుడే భర్త వదిలేసిపోయాడు. ఇంకోచోట కాపురం పెట్టాడు. కోర్టుకి పోయే స్తోమత లేక విడాకులు లేవు. ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టి పిల్లల్ని పెంచింది. "ఆయన ఫోటో ఏడికెళ్ళి తేవాలె అక్కా?" అని నన్నడిగింది. ఫోటో సంగతి ఎలాగో తేలింది. అసలు సంగతి ఆ తరవాత తెలిసింది: ఆమె చనిపోతే కుటుంబ పింఛను ఆ భర్తకే పోతుంది. పథకం దృష్టిలో ఆమె కుటుంబం అంటే మొదట అతనే. భార్యా బిడ్డలు ఉన్నంతవరకు, భర్త ఉన్నంతవరకు, ఆమె రాసిన నామినీ పేరు కుటుంబ పింఛనుకి పనికిరాదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగినుల విషయంలో 2024 జనవరిలో ఒక మార్పు వచ్చింది. విడాకుల కేసు నడుస్తున్నా, భర్త మీద గృహహింస చట్టం కింద గానీ వరకట్న కేసు గానీ పెట్టి ఉన్నా, కుటుంబ పింఛను భర్తకంటే ముందు పిల్లలకివ్వాలని ఆ ఉద్యోగిని రాసివ్వవచ్చు. మంచి మార్పు. ఆఫీసులో పనిచేసే స్త్రీకి వచ్చిన ఈ హక్కు ఇంటి అరుగు మీద కూచుని చుట్టే స్త్రీకి కూడా రావాలి. కేసు పెట్టే స్తోమత లేక వదిలేయబడి బతుకుతున్న వాళ్ళకి గ్రామ పంచాయతీ విచారణ చేసి ఇచ్చే ధ్రువపత్రమైనా చాలనాలి. ఈ రెండు కోరికలతో వినతిపత్రం తయారవుతోంది. మీ ఊళ్ళో ఇలా ఒంటరిగా ఉండి పి.ఎఫ్. ఖాతా ఉన్న స్త్రీలెందరో లెక్క తీసి, వాళ్ళ వివరాలు వాళ్ళ అనుమతితోనే రాసి, మీ మీ సంఘాల ద్వారా పంపండి.